గేటు చీటీ

జూన్ 4

అక్కా,

నేను క్షేమం. ఇక్కడ క్షేమంగా ఉండకపోతే ఊరుకోరు కాబట్టి క్షేమం. తుంటిలో వేసిన ప్లేటు బాగానే కుదురుకుందని డాక్టరమ్మ చెప్పింది. ఆపరేషను చేసిన చోటి నుంచి ఈ దీర్ఘకాలపు వార్డుకు మార్చి ఇవాళ్టికి తొమ్మిది రోజులు. వాకరు పట్టుకుని హాల్లో ఆ గోడ నుంచి ఈ గోడకు నడుస్తున్నాను. ఎంతకాలం ఉంచుతారమ్మా అంటే, "అది మీ కాళ్ళే చెప్పాలి" అంటుంది.

ముప్పై ఏళ్ళు లిఫ్టులు బిగించి, చివరికి లిఫ్టు గొయ్యిలోనే జారిపడ్డవాణ్ణి. రెండు అంతస్తుల మధ్య ఇరుక్కున్నవాళ్ళను ఎంతమందిని బయటికి తీశానో లెక్కలేదు. లోపల వాళ్ళు తలుపు బాదుతుంటే, "కంగారుపడకండి, గాలి వస్తుంది, ఏమీ కాదు" అని బయటి నుంచి అరిచేవాణ్ణి. గాలి వస్తే సరిపోదని ఇప్పుడు తెలిసింది.

ఈ భవనంలో ఎక్కడా పొగతాగకూడదు. ప్రతి మంచానికీ పైన ఒక తెల్ల డబ్బా, దానికో ఎర్ర చుక్క. మొదటి రోజు మరుగుదొడ్లో ముట్టించబోయాను. అగ్గిపుల్ల గీసిన చప్పుడుకే ముగ్గురొచ్చారు. పోనీ బయట తాగుదామంటే బయటికి వెళ్ళనివ్వరు. ఆమధ్య ఎవరో రోగి చెప్పాపెట్టకుండా రోడ్డెక్కి పడిపోయాడట. అప్పటినుంచి తలుపుకూ తాళమే, గేటుకూ తాళమే. గుత్తి నడుముకు కట్టుకుని తిరిగే అటెండరును అందరం తాళాలాయన అంటాం. పేరడిగితే ఆయనకూ గుర్తురాదేమో.

ఒక్క దారి ఉంది. గేటు చీటీ. పొగతాగేవాళ్ళను రోజుకు మూడుసార్లు, పదిహేనేసి నిమిషాలు, గేటు బయట బెంచీ దగ్గరికి వదులుతారు. దానికి రోగి తరఫు మనిషి సంతకం కావాలి. పెళ్ళీ పెటాకులూ లేనివాడికి తరఫు మనిషంటే అక్కే కదా. ఫారం జతచేశాను. నీకు ఒళ్ళు మండుతుందని తెలుసు. మండినంతసేపు మండనిచ్చి, ఆ తర్వాత సంతకం పెట్టు.

నీ తమ్ముడు

జూన్ 12

తమ్ముడూ,

దయచేసి వినండి. మూడో నంబరు ఫారం మీద ఈ అక్క సంతకం రానున్న రోజుల్లో కూడా వచ్చే సూచన లేదు.

ఇరవై రెండేళ్ళు స్టేషన్లో మైకు ముందు కూర్చున్న నోరు. ఆ నోరు పోయినా అలవాటు పోలేదు. ఇలా మొదలుపెడితేగానీ నాకు కోపం కుదురుగా రాదు.

ప్రకటనల గది నువ్వు చూశావు. బయటి చప్పుడు మైకులో పడకూడదని కిటికీ పెట్టలేదు. తలుపుకు దూది కుట్టిన దుప్పటి. అందులో నేనూ, ముగ్గురు మగవాళ్ళూ. ముగ్గురూ తాగేవాళ్ళే. ఆపండయ్యా అంటే, "మా ఊపిరి మా ఇష్టం మేడమ్. మీకు ఇబ్బందైతే కాసేపు బయటికెళ్ళి రండి" అనేవాళ్ళు. బండి ప్లాట్‌ఫారం మీదికొస్తుంటే నేను బయటికెళ్ళేదెలా? వాళ్ళ స్వేచ్ఛ ఆ గది నిండా ఉండేది. నాది తలుపవతల ఉండేది. గదుల్లో తాగకూడదని ఉత్తర్వు వచ్చేనాటికి నా గొంతు పోయి ఏడాది. ఇప్పుడు ఫోనెత్తితే నీకు వినిపించేది ఉత్త గాలి. అందుకే కదా మనం ఇంకా కాగితాల మీద పోట్లాడుకుంటున్నది.

ఆ ఉత్తర్వు కోసం ఎన్ని అర్జీలు రాశానో నీకు తెలుసు. అవి రాసిన చేత్తోనే నీ ఫారం నింపమంటావా? సిగ్గులేదూ?

మూడు రోజుల తర్వాత రాస్తున్నాను. ఉత్తరం బల్ల మీదే ఉంది. మా అమ్మాయి చదివి, "బెంచీ బయటే ఉంది కదమ్మా, ఆ పొగ ఎవరి గొంతులోకి పోతుంది" అంది. నిజమే. సంతకం పెట్టాను. ఒక్క నెలకే. ఆపైన నన్నడక్కు.

అక్క

జూన్ 23

అక్కా,

నీ నోట్లో చక్కెర పొయ్య! చీటీ చేతికొచ్చింది. నీలం అట్ట, మధ్యలో చిల్లు, మెడలో దండలా వేసుకోవాలి.

గేటు బయట సన్న వీధి. బెంచీకి ఒక కాలు పొట్టి, కింద ఇటుక పెట్టారు. ఎదురుగా నాలుగంతస్తుల మేడ కడుతున్నారు. లిఫ్టు గొయ్యి సరిగ్గా నాకు ఎదురుగానే! లిఫ్టు జారే గైడు పట్టాలు బిగిస్తున్నారు. రెండో అంతస్తు దగ్గర పట్టా వేలెడంత పక్కకు పోయింది, ఇక్కడినుంచే నా కంటికి తెలిసింది. ఉండబట్టలేక కేకేశాను. అక్కడి మేస్త్రీ బుర్రమీసాలవాడు, మొదట ఒంటికాలి మీద లేచాడు. తర్వాత దారానికి గుండు కట్టి వేలాడదీసి చూసుకున్నాడు. చూసుకుని నేరుగా నా బెంచీ దగ్గరికొచ్చి కూర్చున్నాడు. ఇప్పుడు రోజూ వస్తాడు. ఒకటి నేను ముట్టిస్తాను, ఒకటి అతను.

నా పక్క మంచం డ్రిల్లు మాస్టారిది. డెబ్భై రెండేళ్ళు. పదకొండు నెలలుగా ఇక్కడే ఉన్నాడు. నేను చీటీ వేసుకుని బయల్దేరుతుంటే రోజూ, "వీధిలో ఏముందయ్యా?" అని అడుగుతాడు. వచ్చి చెప్తాను. కుక్క పిల్లలు పెట్టిందన్నా వింటాడు.

నువ్వు ఏమన్నా అను, అక్కా. ఆ మూడు పదిహేను నిమిషాలే నాకు రోజు. మిగతాదంతా దానికోసం ఎదురుచూడటమే.

నీ తమ్ముడు

జులై 2

తమ్ముడూ,

చదివాను. "ఆ మూడు పదిహేను నిమిషాలే నాకు రోజు." ఈ వాక్యాన్ని నాలుగుసార్లు చదివాను. అరవై ఏళ్ళు నెత్తిమీదికొస్తున్నాయి, తుంటి విరిగింది, మనిషివి మంచాన పడ్డావు. అయినా నీ రోజంతా ఆ గొట్టం చివర వేలాడుతోందా? కుక్కపిల్లలూ, మేస్త్రీ మీసాలూ అన్నీ దానికి అలంకారాలా?

నేనెప్పుడూ అనని మాట ఇవాళ అంటాను. ఆ ముగ్గురినీ తిడుతూ ఇన్నేళ్ళు గడిపాను. వాళ్ళను తిట్టడం తేలిక, పరాయివాళ్ళు. డ్యూటీ దిగి ఇంటికొస్తే మన రెండు గదుల ఇంట్లో, నేను అన్నం తింటుంటే, నువ్వు ఎదురుగా కూర్చుని తాగేవాడివి. పదకొండేళ్ళు. గొంతుకు కోత పెట్టేముందు డాక్టరు అడిగాడు, ఇంట్లో ఎవరైనా తాగుతారా అని. లేదని తల ఊపాను. నువ్వు నా పక్కనే నిలబడి ఉన్నావు. నువ్వు కూడా ఏమీ అనలేదు.

అప్పుడు నువ్వు ఒక్క మాట అంటావేమో అనుకున్నాను. ఇన్నేళ్ళూ అనుకుంటూనే ఉన్నాను.

చీటీ గడువు పొడిగించాలని ఇంకో ఫారం వచ్చింది. సంతకం పెట్టి పంపుతున్నాను. కాదంటే నువ్వు ఆ మరుగుదొడ్లోనే కాల్చి దొరికిపోతావు.

అక్క

జులై 28

అక్కా,

జవాబు ఆలస్యమైంది.

అవును, పక్కనే నిలబడి ఉన్నాను. చొక్కా జేబులో ప్యాకెట్టు కూడా ఉంది. డాక్టరు నా జేబు వంక చూస్తాడేమోనని చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. అంత పిరికివాణ్ణి. నీ గొంతు విని పెరిగినవాణ్ణి నేను. స్టేషన్లో ఎవరి కోసమో వెళ్ళినప్పుడు మైకులో నువ్వు పలికితే, "మా అక్క" అని పక్కవాళ్ళకు చెప్పుకునేవాణ్ణి. ఆ గొంతు పోవడంలో నా చెయ్యి ఉందని నాకు తెలుసు. నువ్వు చెప్పకముందే తెలుసు. క్షమించమని అడిగే మొహం నాకు లేదు. అయినా అడుగుతున్నాను.

నీ ఉత్తరం అందిన పూటే ప్యాకెట్టు తీసి తాళాలాయన చేతిలో పెట్టాను. ఇవాళ్టికి ఇరవై రెండు రోజులు, అక్కా. ఒక్కటి తాగలేదు. మొదటి వారం తల ప్రాణం తోకకొచ్చింది. డ్రిల్లు మాస్టారు మంచం మీద నుంచే "ఒకటి, రెండు" అని లెక్కపెడుతూ నాతో ఊపిరి పీల్పించాడు. ఇప్పుడు ఫరవాలేదు.

ఎదురు మేడకు బెంచీ నుంచి నలభై అడుగులు. వీధిలో బళ్ళు తక్కువ. తాళాలాయన చూసీ చూడనట్టు ఉంటాడు. వాకరుతో నిన్న ఇరవై అయిదు అడుగులు వేసి వెనక్కొచ్చాను. లిఫ్టు పని అయ్యాక మొదటి బటను నేనే నొక్కాలని మీసాలాయన పట్టు. ఇంకా రాయాల్సింది ఉంది గానీ గేటు వేళయింది, తాళాల చప్పుడు వినిపిస్తోంది. ఉంటాను.

నీ తమ్ముడు

ఆగస్టు 5

తమ్ముడూ,

దయచేసి వినండి! చాలా ఏళ్ళు ఆలస్యంగా నడుస్తున్న బండి ఇప్పుడే స్టేషనుకు చేరింది!

నీ ఉత్తరం మా అమ్మాయికి చదివి వినిపించాలని నోరు తెరిచాను. గాలి తప్ప ఏమీ రాలేదు, కళ్ళనీళ్ళు మాత్రం వచ్చాయి. తనే చదువుకుంది. క్షమించడమా? ఆ మాట నువ్వు అనడమే నాకు కావాల్సింది. అది వచ్చేసింది.

ఒక్కటే దిగులు. మానేశాక కూడా ఆ బెంచీ దగ్గరికెందుకురా? అక్కడ అందరూ ఊదుతుంటే నీ మనసు ఎంతసేపు ఆగుతుంది? నీ సంగతి నాకు తెలియదా, చేతిలోకొచ్చింది వద్దనలేవు. అందుకని నేనే ఒక పని చేశాను. మీ సూపరింటెండెంటు గారికి ఉత్తరం రాశాను. మా తమ్ముడు పొగ మానేశాడు, దయచేసి అతని పేరు పొగతాగేవాళ్ళ జాబితాలోంచి కొట్టేయండి, ఆ పొగలోకి పంపకండి అని. అర్జీలు రాయడం నాకు కొత్తా? రెండు పేజీలు, దిట్టంగా వచ్చింది.

పుదీనా బిళ్ళలు పంపుతున్నాను. నాలుక లాగినప్పుడు ఒకటి వేసుకో.

అక్క

ఆగస్టు 11

అక్కా,

ఎంత పని చేశావు!

నిన్న పొద్దున తాళాలాయన వచ్చి, తల వంచుకుని, నా మెడలోంచి చీటీ తీసుకుపోయాడు. సూపరింటెండెంటు గారు స్వయంగా వచ్చి చెయ్యి కలిపారు. వార్డులో అందరి చేతా చప్పట్లు కొట్టించారు. "వీరి అక్కగారి ఉత్తరం నోటీసు బోర్డు మీద పెడుతున్నాం" అన్నారు. పెట్టారు కూడా. అన్నం హాలుకు పోయినప్పుడల్లా నీ చేతిరాత నన్ను చూస్తోంది.

నీకు అర్థమయ్యేలా ముందే రాయకపోవడం నా తప్పు. ఇప్పుడు రాస్తున్నాను. పొగతాగనివాళ్ళకు బయటికి వెళ్ళే చీటీ లేదు. ఫారంలో కారణం అని ఒక గడి ఉంటుంది. దానికింద అచ్చువేసిన కారణం ఒక్కటే, ధూమపానం. తాగేవాడికి తాగకపోతే ఆగదు కాబట్టి వదులుతారు. తాగనివాడికి బయట ఏం పని? డ్రిల్లు మాస్టారు జన్మలో ముట్టుకోలేదు. అందుకే ఏడాదికి పైగా వీధి మొహం చూడలేదు. చుట్టాలెవరైనా వచ్చి సంతకం పెట్టి వెంట తీసుకెళ్తే వెళ్ళొచ్చు. ఆయనకు చుట్టాలు లేరు. నాకున్న ఒక్కదానివీ, గొంతు కోత తర్వాత మిగిలిన నీ ఊపిరితో రైల్లో ఒక పగలూ ఒక రాత్రీ రాలేవు. నిన్ను ఒంటరిగా వదిలి మీ అమ్మాయీ రాలేదు.

నడక కోసమని రాసిస్తానంటే, నడవడానికి లోపల హాలుంది కదా అన్నారు. ఉంది. ఆ గోడ నుంచి ఈ గోడకు పద్దెనిమిది అడుగులు. నేను వీధిలో ముప్పై ఒకటి వేశానక్కా. ఇంకో తొమ్మిదేస్తే అవతలి గట్టు. కాళ్ళు చెప్పాలంది కదా డాక్టరమ్మ, అవి చెప్పడం మొదలుపెట్టింది ఆ వీధిలోనే. ఇక్కడ పడి ఉంటే మాస్టారిలాగే అయిపోతాను. ఆయన కూడా వచ్చిన కొత్తలో నడిచేవాడట. ఇప్పుడు మంచం దిగడు.

ఆ పదిహేను నిమిషాలే రోజు అన్నది సిగరెట్టును కాదు. తాళం తీసిన చప్పుడును.

బిళ్ళలు అందాయి. మాస్టారికిచ్చాను.

నీ తమ్ముడు

ఆగస్టు 26

తమ్ముడూ,

నీ ఉత్తరం చదివాను. కిటికీ లేని గదిలో ఇరవై రెండేళ్ళు కూర్చుని, కాసేపు బయటికెళ్ళి రండి అన్న మాట విని ఏడ్చినదాన్ని, నిన్ను అలాంటి గదిలోనే పెట్టి గడియ వేశాను. అదీ సంతోషంతో!

వెంటనే సూపరింటెండెంటుకు ఇంకో అర్జీ పంపాను. తాగనివాళ్ళకు కూడా గాలి కావాలి కదయ్యా, కారణం గడిలో ఇంకో మాట అచ్చువేయండి అని. జవాబొచ్చింది. చాలా మర్యాదగా ఉంది. రోగి పడిపోతే బాధ్యత వారిదట. పొగతాగేవారిని ఆపితే లోపలే కాల్చి మంటలు పెడతారు కనుక, తప్పనిసరై ఆ ఒక్క వెసులుబాటు ఇచ్చారట. మీ తమ్ముడి నుంచి అలాంటి ప్రమాదమేమీ లేదని మీ ఉత్తరం వల్లే తెలిసి సంతోషించాం అన్నారు. పుండు మీద కారం చల్లడమంటే ఇదే.

సరే. కొత్త ఫారం నింపాను. "నా తమ్ముడు మళ్ళీ మొదలుపెట్టాడు. మానలేడు." నా చేత్తో రాశాను. నా జన్మలో కాగితం మీద పెట్టిన మొదటి అబద్ధం. డాక్టరు ముందు తల ఊపింది కూడా కలిపితే రెండోది. రెండూ నీ ఖాతాలోవే.

ఇంకో సంగతి విని నవ్వకు. ప్యాకెట్టు లేకుండా నువ్వు చీటీ వేసుకుంటే నమ్మరేమోనని వీధి చివర దుకాణానికి వెళ్ళాను. గొంతు లేదు కదా, చీటీ రాసి ఇచ్చాను. ఆ దుకాణదారు నన్ను ఎరుగును. లోపల ఎవరో కాలుస్తుంటే పోయిన ఏడాది చేతులూపి నానా హంగామా చేసి బయటికి పంపించింది నేనే. చీటీ చూశాడు, నన్ను చూశాడు, మళ్ళీ చీటీ చూశాడు. "మీకేనా అమ్మా?" అన్నాడు. తల ఊపాను. ఇది మూడో అబద్ధం.

ప్యాకెట్టు పార్సిల్లో ఉంది. ముట్టించి చేతిలో పట్టుకో. నోట్లో పెట్టకు. గాలివాలుకు దూరంగా నిలబడు.

అక్క

సెప్టెంబరు 4

అక్కా,

చీటీ వచ్చింది. నోటీసు బోర్డు మీది నీ ఉత్తరాన్ని పీకేశారు. చప్పట్లు కొట్టినవాళ్ళు మొహం తిప్పుకుంటున్నారు. ఫరవాలేదు.

మొన్న నలభై అడుగులూ వేశాను. ఒక చెయ్యి వాకరు మీద, వేళ్ళ మధ్య కాలుతున్న సిగరెట్టుతో రెండో చెయ్యి కూడా వాకరు మీదే. మీసాలాయన పనివాళ్ళందర్నీ వరసగా నిలబెట్టాడు. బటను నొక్కాను. కాబిను కుదుపు లేకుండా లేచింది, రెండో అంతస్తు దగ్గర కూడా నీళ్ళలో జారినట్టు పోయింది. ఎక్కమన్నారు. తాళాలాయన గేటు దగ్గర నుంచి, "అయిపోయింది, రండి" అని పిలిచాడు. ఖాళీ లిఫ్టు పైకెళ్ళి వచ్చింది. చూసి తిరిగొచ్చాను. అక్కా, చాలా సంతోషపడ్డాను.

ఇక రెండో మాట. అసలు దానికోసమే రాస్తున్నాను.

పొగతాగనివాళ్ళు కూడా చీటీలు తీసుకుంటున్నారని సూపరింటెండెంటుకు అనుమానం వచ్చింది. నీ అర్జీలూ, ఈ కొత్త ఫారమూ పక్కపక్కన పెట్టుకుంటే ఎవరికి రాదు? ఈ నెల పద్దెనిమిదిన చీటీలున్నవాళ్ళందరికీ పరీక్ష. గొట్టంలో ఊదాలి. పొగతాగేవాడైతే అంకె పైకి పోతుంది, తాగనివాడైతే కిందే ఉంటుంది. అంకె రానివాళ్ళ చీటీ రద్దు. మళ్ళీ ఇవ్వరు. ప్రతి మూడు నెలలకూ ఇదే పరీక్షట. ముందు రోజూ, ఆ పొద్దునా లోపలికి పీల్చి తాగితే అంకె వస్తుందని బెంచీ మీద అందరూ అంటున్నారు.

నిజం చెప్పొద్దూ, చేతిలో ఊరికే కాలిపోతుంటే ఇప్పటికీ నోరూరుతుంది. ఒకటి తాగితే ఒకటితో ఆగుతానని చెప్పలేను. తాగకపోతే ఈ గోడ నుంచి ఆ గోడకు పద్దెనిమిది అడుగులు.

నిన్న డ్రిల్లు మాస్టారు నన్ను దగ్గరికి పిలిచి, ఎవరూ వినకుండా, "నాక్కూడా నేర్పుతావా?" అన్నాడు. డెబ్భై రెండేళ్ళ మనిషి.

నీకోసం మానేశాను కాబట్టి నిన్నే అడుగుతున్నాను. వద్దంటే వద్దు. పద్దెనిమిదిన ఊదేసి లోపలికొచ్చేస్తాను, ఒక్క మాట అనను. నీ ఉత్తరం కోసం కళ్ళు కాయలు కాచేలా చూస్తుంటాను.

నీ తమ్ముడు

సెప్టెంబరు 11

తమ్ముడూ,

దయచేసి వినండి.

నాలుగు ఉత్తరాలు రాసి చించేశాను. ఒకదాంట్లో నీకు ధైర్యం చెప్పాను. ఒకదాంట్లో సూపరింటెండెంటును తిట్టాను. మిగతా రెండింట్లో ఏం రాశానో నాకే తెలియదు. నాలుగింట్లోనూ చెప్పాల్సిన మాట చెప్పకుండానే చివర సంతకం పెట్టేశాను. డాక్టరు ముందు నువ్వు నిలబడ్డట్టే నేనూ నిలబడ్డాను. ఇక అలా నిలబడను.

ఇది ఇవాళే పోస్టులో వేస్తే పదహారుకల్లా నీకు అందాలి.

పదిహేడున ఒకటి, పద్దెనిమిది పొద్దున ఒకటి. తాగు. ఉత్తుత్తిగా కాదు, లోపలికంటా పీల్చు. ఆ తర్వాత ఆగలేకపోతే ఆగకు, అది నా మీద వేసుకుంటాను. నడవడం మాత్రం మానకు.

మాస్టారికి నేర్పకు. ఆయన చుట్టం పేరు రాసే చోట నా పేరు రాసి ఒక ఫారం పంపు. వేసవిలోపు నాకు ఊపిరి కుదిరితే మీ ఇద్దర్నీ వీధిలోకి తీసుకెళ్తాను. కుదరకపోవచ్చు.

ఈ ప్రకటన చేసింది నేను. నువ్వు కాదు.

అక్క